ముత్యంపేటలో గానుగ ఆగింది

2015 డిసెంబర్ 23న మల్లాపూర్ మండలం ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి లే-ఆఫ్ ప్రకటించారు. బోధన్, మంబోజిపల్లి యూనిట్లకూ అదే రోజు, అదే మాట. ఆ తర్వాత ఇక్కడ గానుగ తిరగలేదు. ముగింపు అందరికీ తెలిసిందే. అయినా మొదటి నుంచి తలచుకోవాలి. ఎందుకంటే అది ఒక్కనాడు కూలిన గూడు కాదు. ఆపగలిగిన మలుపులు దారి పొడవునా ఉన్నాయి.

ఈ మూడు యూనిట్ల సంస్థ నిజాం ఏలుబడిలో, 1937లో బోధన్‌లో పుట్టింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరు. ముత్యంపేటకూ ఫ్యాక్టరీ వచ్చాక మెట్‌పల్లి, కోరుట్ల, మల్లాపూర్ చెలకల్లో పసుపు పక్కన చెరుకు పెరిగింది. చలికాలం వస్తే గేటు ముందు బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరేవి. కాటా దగ్గర తూకం, చేతిలో చిట్టీ, గాలి నిండా పాకం వాసన. సీజన్ కార్మికుడి ఇంటికి ఆ కొద్ది నెలల కూలే ఏడాది ఆధారం.

కోసిన చెరుకు ఆగదు. పొద్దు గడిచేకొద్దీ తూకం తగ్గుతుంది, గడలో తీపీ తగ్గుతుంది. అందుకే గడ నరికేవాళ్లూ, కోత ఆర్డరు రాసే ఫీల్డ్‌మన్, బాయిలర్ దగ్గరి మనిషి, పాకం పదును కనిపెట్టే పనివాడూ ఒకరినొకరు నమ్మాలి. ఏడాది పంట వేసే రైతుకు వచ్చే సీజనూ గేటు తెరుస్తారన్న భరోసా ఉండాలి. చక్కెర మిల్లు బతుకంతా ఆ నమ్మకం మీదే. లెక్కల పుస్తకంలో మాత్రం దానికి పద్దు లేదు.

2002లో నష్టాల పేరుతో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. మిగిలిన 49 శాతంతోనైనా సర్కారు గట్టిగా నిలబడి ఉంటే! అమ్మకాన్ని రద్దు చేయాలని ఆ తర్వాత శాసనసభా సంఘమే చెప్పింది. ఆ మాటైనా విని ఉంటే! 2014లో సొంత రాష్ట్రం తెలంగాణ వచ్చింది, ప్రభుత్వమే నడుపుతుందన్న ఆశ ఊరూరా మొలిచింది. మరుసటి ఏడు ఆ ప్రభుత్వమే, సహకార పద్ధతిలో రైతులే నడుపుకోవాలంది. ఏళ్ల తరబడి ధీమా పోగొట్టుకున్న రైతు, అప్పుల్లో మునిగిన మిల్లును ఏ ధైర్యంతో నెత్తికెత్తుకుంటాడు?

లే-ఆఫ్ తర్వాత కార్మికుల బతుకు చెప్పుకోలేనిది. పని ఉందా అంటే లేదు. పోయిందా అంటే తేల్చి చెప్పేవారు లేరు. చెరుకు రైతు దూరపు మిల్లుల దారి పట్టాడు, ఆపై వరికీ మక్కకూ మళ్లాడు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ సంస్థను లిక్విడేషన్‌కు పంపింది. తీపి వండిన చేతుల కష్టం చివరికి బాకీల జాబితాలో చేరింది.

2024లో పునరుద్ధరణకు ప్రభుత్వం కమిటీ వేసింది. రోలర్లు కొనవచ్చు, బాయిలర్లు మార్చవచ్చు. కానీ పాకం పదును తెలిసిన మనిషి ముసలివాడయ్యాడు. ఆ పని నేర్చుకోవాల్సిన కొడుకు గల్ఫ్ బాట పట్టాడు. ముత్యంపేట కోసం ఏడవాల్సింది ఈ నష్టానికే. మళ్లీ గేటు తెరిచేవారు ఎవరైనా సరే, ముందు తీర్చాల్సింది ఈ మనుషుల బాకీ.