కొట్టిన కొడుకు ఇంట్లో, అవ్వ ఆశ్రమంలోనా?

ఈసారి రాజులు, కోటలు కాదు. ఒక చట్టం చరిత్ర.

మా కోరుట్ల వాడకట్టులో ఒక అవ్వ ఉండేది. బతుకంతా బీడీలు చుట్టి కట్టుకున్న ఇల్లు, ఆమె పేరు మీదే ఉంది. అది రాసియ్యమని కొడుకు కొట్టేవాడు. "ఆశ్రమానికి పోరాదే అవ్వా" అన్న ఒకసారి. "నా ఇల్లు ఇడిసిపెట్టి నేనెందుకు పోవాలె బిడ్డా?" అన్నది.

1898 నాటి బ్రిటిష్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో భార్యకు, పిల్లలకు మనోవర్తి ఉంది, తల్లిదండ్రులకు లేదు. వాళ్లను చేర్చింది 1973 కోడ్. అయినా కోర్టు చుట్టూ తిరగాల్సిందే. 2007లో వయోవృద్ధుల చట్టం వచ్చాక ఆర్డీవో స్థాయిలోనే ట్రిబ్యునల్ పెట్టారు, లాయర్ అక్కర్లేదు. జగిత్యాల వైపు చాలామంది కొడుకులు గల్ఫ్‌లో ఉంటారు కదా, విదేశంలో ఉన్నవాళ్లకు సమన్లు పంపే పద్ధతి కూడా అందులో రాశారు.

మరి ఆశ్రమం సంగతి? సెక్షన్ 19 చూడండి. జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి చోటు. 2016 అక్టోబర్ 11న కరీంనగర్ నుంచి జగిత్యాల, సిరిసిల్ల వేరు జిల్లాలయ్యాయి కాబట్టి లెక్క ప్రకారం రెండు చోట్లా ఒక్కొక్కటి. కానీ చట్టం "పెట్టాలి" అనలేదు, "పెట్టవచ్చు" అన్నది. పైగా అది నిరుపేదలకు. దెబ్బలు తిన్నవాళ్ల మాటే ఆ సెక్షన్‌లో లేదు. సొంతిల్లున్న మా అవ్వ నిరుపేద ఎట్లయితది?

దెబ్బల గురించి మాట్లాడింది 2005 గృహహింస చట్టం. చాలామంది అది కోడళ్లకే అనుకుంటారు. తల్లి కూడా వాడుకోవచ్చు. షెల్టర్ హోమ్ అడగొచ్చు, లేదంటే కొట్టే కొడుకునే ఇంట్లోంచి పంపమని మేజిస్ట్రేట్‌ను అడగొచ్చు. అవ్వ ప్రశ్నకు జవాబు అదే, నాకే అప్పుడు తెల్వదు. అయితే అది ఆడవాళ్లకే. సిరిసిల్లలో సాంచెలు నడిపి నడిపి ముసలైన తాతను కొడుకు కొడితే ఆ దారి లేదు. మళ్లీ ఆర్డీవో దగ్గరికే పోవాలె.

అవ్వ సంతకం పెట్టలేదు. ఆశ్రమానికీ పోలేదు, ఆ ఇంట్లోనే పోయింది. 2007 చట్టం సెక్షన్ 5 ప్రకారం, తాను పోలేని ముసలివాళ్ల తరఫున వాళ్లు ఒప్పుకున్న ఇంకెవరైనా దరఖాస్తు ఇయ్యొచ్చు. నేనప్పుడు ఇంటర్ సెకండియర్. చేతిలో ఫోన్ ఉంది, పక్క ఇల్లే.