ఫేక్ బ్లడ్ వెనక ఉన్న రియల్ హిస్టరీ

కాస్ట్యూమ్ పార్టీకి ఇంట్లోనే ఫేక్ బ్లడ్ కలుపుదామనుకుంటున్నారా? గిన్నె తీసే ముందు ఈ కథ వినండి.

పారిస్‌లో 1897లో గ్రాండ్ గిన్యోల్ అనే థియేటర్ మొదలైంది. జనాన్ని భయపెట్టే నాటకాలకి అది ఫేమస్. అక్కడ గ్లిజరిన్‌లో కార్మైన్ కలిపి రక్తం చేసేవాళ్లు. కార్మైన్ అంటే ఒక రకం పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు.

బ్లాక్ అండ్ వైట్ సినిమాకి అసలు ఎరుపుతో పనేముంది? నల్లగా, చిక్కగా కనబడితే చాలు. అందుకే 1960లో 'సైకో' షవర్ సీన్‌లో హిచ్‌కాక్ వాడింది చాక్లెట్ సిరప్!

కలర్ వచ్చాక ఆ ట్రిక్ పనిచేయలేదు. అప్పుడు డిక్ స్మిత్ అనే అమెరికన్ మేకప్ ఆర్టిస్ట్ కార్న్ సిరప్‌లో ఫుడ్ కలర్ కలిపాడు. 'గాడ్‌ఫాదర్', 'టాక్సీ డ్రైవర్' లాంటి సినిమాల్లో ఆయన పనే చూస్తాం.

ఇక్కడే జాగ్రత్త. రక్తం బట్టలో బాగా ఇంకడానికి ఆయన ఫొటో ఫిల్ము కడిగే కెమికల్ కూడా కలిపాడు. అది నోట్లోకి వెళ్లకూడదు. ఫేమస్ ఫార్ములా కదా అని గుడ్డిగా కాపీ కొట్టకండి.

మన దిష్టి నీళ్లూ ఎర్రగానే ఉంటాయి, పసుపులో సున్నం కలుస్తుంది కాబట్టి. కానీ సున్నం కంట్లో పడితే ప్రమాదం, ముఖానికి వద్దు.

మరి ఏం వాడాలి? లిక్విడ్ గ్లూకోజ్, ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో పౌడర్. కోకో వల్లే ఎరుపు కాస్త ముదురై నిజమైన రక్తంలా కనిపిస్తుంది. ముందు చేతిమీద కొంచెం రాసి చూడండి, కళ్లకి దూరంగా ఉంచండి. తెల్ల చొక్కా మాత్రం ఫ్రెండ్‌ది వేసుకోకండి, మరక పోదు!