ఎత్తు ఎక్కని బండి

నెవాడా ఎడారి. 2005 సెప్టెంబర్.

మట్టిబాట మీద ఎర్రటి హమ్మర్ ఒకటి దుమ్ము రేపుకుంటూ దూసుకొస్తోంది. స్టీరింగ్ అటూ ఇటూ తిరుగుతోంది. దాన్ని పట్టుకున్న చేతులు లేవు. నెత్తి మీద లేజర్ కళ్లు, లోపల కంప్యూటర్లు, వాటి లెక్క ప్రకారం స్టీరింగ్‌నీ బ్రేకునీ ఆడించే మోటార్లు. ఆ రోబో పేరు హైల్యాండర్. మరికొన్ని వారాల్లో ఎడారిలో 20 లక్షల డాలర్ల పందెం. దానికోసమే ఈ పరుగు.

ఉన్నట్టుండి అదుపు తప్పింది. ఒక పక్కకి ఒరిగింది. టన్నుల బరువున్న బండి నేలని గుద్దుకుంటూ పల్టీ కొట్టింది.

దుమ్ము సర్దుకుంది. పైన బిగించిన సెన్సర్లు నుజ్జయిపోయాయి. నెలల తరబడి నిద్ర మానుకుని కట్టిన బండి చుట్టూ కుర్రాళ్లు మూగారు. ఏది విరిగింది, ఏది వంగింది, ఏ తీగ తెగింది... కంటికి కనిపించిన ప్రతి దెబ్బనీ లెక్క రాసుకున్నారు. కనిపించని దెబ్బ మాట ఎవరికి తెలుసు?

పల్టీలు ఈ జట్టుకి కొత్త కాదు.

కొన్నేళ్లు వెనక్కి వెళ్లాలి. అమెరికా రక్షణ శాఖలో పరిశోధనలు చూసే డార్పా అనే సంస్థ ఒక పందెం ప్రకటించింది. మొహావీ ఎడారిలో 142 మైళ్లు. మనిషి ఎక్కకూడదు, దూరం నుంచి రిమోట్‌తో నడపకూడదు. బండి తన దారి తానే చూసుకోవాలి. ముందొచ్చిన దానికి పది లక్షల డాలర్లు. కాలేజీ కుర్రాళ్లు, గ్యారేజీ మెకానిక్‌లు, మోటార్‌సైకిల్‌ని తనంతట తానే నడిచేలా చేస్తానని బయల్దేరిన విద్యార్థి... అందరూ పనిముట్లు పట్టుకుని దిగారు. పిట్స్‌బర్గ్ నుంచి దిగింది రెడ్ టీమ్.

నాయకుడు విలియం విటేకర్. అందరూ రెడ్ అనే పిలుస్తారు. ఒకప్పుడు మెరైన్ సైనికుడు. 1979లో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగాక, మనిషి కాలు పెట్టలేని నేలమాళిగలోకి రోబోలని దింపినవాడు. ఆయన పనిచేసే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని రోబోటిక్స్ సంస్థకి మన తెలుగువాళ్లతో ఒక చుట్టరికం ఉంది. 1979లో దాన్ని మొదలుపెట్టి, పన్నెండేళ్ల పాటు నడిపిన తొలి డైరెక్టర్ రాజ్ రెడ్డి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినాయన. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన వేసిన పందిరి కిందే విటేకర్ లాంటి మొండివాళ్లకి చోటు దొరికింది.

రెడ్ టీమ్ ఒక పాత సైనిక బండిని పట్టుకుంది. 1986 నాటి హంవీ. పేరు శాండ్‌స్టార్మ్. మొనాంగహేలా నది ఒడ్డున మూతపడ్డ ఉక్కు కర్మాగారం ఖాళీ స్థలంలో, 2003 చలికాలంలో, గడ్డకట్టిన బురద మీద దాన్ని నడిపారు. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే స్పానర్లు తిప్పారు. తర్వాత ఎడారికి తీసుకెళ్లారు. పందేనికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. ఒక మలుపు దగ్గర శాండ్‌స్టార్మ్ తలకిందులైంది.

నిలబెట్టారు. విరిగినవి తీసి కొత్తవి బిగించారు. కానీ ఇలాంటి బండికి కొత్త సెన్సర్ బిగించగానే పని అయిపోదు. లేజర్ కిరణం వెళ్లి రాయికి తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఆ రాయి ఎంత దూరంలో ఉందో బండి లెక్కగడుతుంది. ఆ లేజర్ ఒక్క డిగ్రీ పక్కకి తిరిగి ఉంటే, 50 మీటర్ల అవతల ఉన్న రాయి దాదాపు 90 సెంటీమీటర్లు పక్కన ఉన్నట్టు కనిపిస్తుంది. కొండ అంచున 90 సెంటీమీటర్లంటే బాటకీ లోయకీ మధ్య ఉన్న తేడా. ప్రతి కన్నునీ మళ్లీ కొలవాలి, సరిచూడాలి, నడిపి చూడాలి. దానికి రోజులు కావాలి. అవే లేవు.

2004 మార్చి 13. శాండ్‌స్టార్మ్ అందరికంటే ముందు బయల్దేరింది. కంచె గుంజలని గుద్దింది. ఆగలేదు. రాయిని గుద్దింది. ఆగలేదు. కొండ మీద మెలిక మలుపు వచ్చింది. అంచు దాటి జారింది. పొట్ట మట్టిగట్టు మీద ఆనింది, ముందు చక్రాలకి పట్టు దొరకలేదు. అయినా కంప్యూటర్ ముందుకే పొమ్మంటోంది. చక్రాలు గిర్రున తిరిగాయి. రబ్బరు పొగలు కక్కింది. మంట అంటుకుంది.

7.4 మైళ్లు. 142 మైళ్ల పందెంలో ఆ రోజు అందరికంటే ఎక్కువ దూరం వెళ్లిన బండి అదే. ఒక్కటీ గమ్యం చేరలేదు. డబ్బు ఎవరికీ దక్కలేదు. డార్పా బహుమతిని రెట్టింపు చేసి, 2005 అక్టోబర్ 8న మళ్లీ రమ్మంది.

ఈసారి విటేకర్ ఒక బండితో సరిపెట్టదలచుకోలేదు.

కాలిన శాండ్‌స్టార్మ్‌ని విప్పి మళ్లీ కట్టారు. దాని పక్కనే 1999 మోడల్ హమ్మర్‌ని తెచ్చి, కోసి, హైల్యాండర్‌ని తయారుచేశారు. ఎగుడుదిగుడు బాటలో కంప్యూటర్లు అదిరిపోకుండా వాటి పెట్టెని స్ప్రింగుల మీద వేలాడదీశారు. బండి ఊగినా చూపు ఊగకుండా, మలుపు వస్తే ముందే ఆ వైపు తిరిగి చూసేలా, దూరం చూసే లేజర్‌ని తిరిగే చట్రంలో కూర్చోబెట్టారు. చుట్టూ మరికొన్ని లేజర్లు అమర్చారు. ఒక కన్ను పోతే ఇంకో కన్ను ఉండాలి. కిందటేడు శాండ్‌స్టార్మ్ నేర్పిన పాఠం అది. క్రిస్ అర్మ్‌సన్ అనే యువకుడు సాంకేతిక పగ్గాలు పట్టాడు. వందల మైళ్లు నడిపారు. విరిగింది. బాగుచేశారు. మళ్లీ నడిపారు.

అవతల స్టాన్‌ఫర్డ్‌లో ఇంకో బండి తయారవుతోంది. నీలిరంగు ఫోక్స్‌వ్యాగన్ టువారెగ్. పేరు స్టాన్లీ. దాన్ని కడుతున్న సెబాస్టియన్ థ్రన్ రెండేళ్ల కిందటిదాకా ఎక్కడ పనిచేశాడు? కార్నెగీ మెలన్‌లో. విటేకర్ ఉన్న ఆ సంస్థలోనే.

సరిగ్గా అలాంటి సమయంలో, సెప్టెంబర్‌లో, హైల్యాండర్ పల్టీ కొట్టింది.

ఎడారిలో పగలు ఎండ మాడుస్తుంది. రాత్రి చలి కొరుకుతుంది. దుమ్ము మాత్రం రెండు పూటలా వదలదు. కనెక్టర్లలోకి, ఫ్యాన్లలోకి, అన్నం తినే నోట్లోకి కూడా వస్తుంది. ఆ దుమ్ములోనే హైల్యాండర్‌ని విప్పారు. చితికిన సెన్సర్లు ఊడదీశారు. వంగిన చట్రాలు మార్చారు. కొత్త లేజర్లు బిగించి, ఒక్కొక్క డిగ్రీ కొలుచుకుంటూ, కిందటేడు చెయ్యలేకపోయిన సరిచూపు పని ఈసారి వదలకుండా చేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి చెవి ఒగ్గి విని, మళ్లీ బాట మీదికి వదిలారు. పరిగెత్తింది. అర్హత పరీక్షలకి కాలిఫోర్నియాలోని ఫాంటానా రేసు ట్రాక్‌కి వెళ్లింది. అక్కడ 23 బండ్లు తుది పోటీకి ఎంపికయ్యాయి. పందెం రోజున అందరికంటే ముందు బయల్దేరే స్థానం హైల్యాండర్‌కి దక్కింది.

ఇన్ని వారాల శ్రమలో ఇంజిన్ మీద ఎవరికీ అనుమానం రాలేదు. రావడానికి కారణమూ లేదు. అది బాగానే తిరుగుతోంది.

అక్టోబర్ 8. నెవాడా సరిహద్దులోని ప్రిమ్ అనే చిన్న ఊరు. ఇంకా తెల్లవారలేదు.

దారి వివరాల డిస్కు పందేనికి రెండు గంటల ముందు చేతికొచ్చింది. 132 మైళ్లు, దాదాపు మూడు వేల జీపీఎస్ బిందువులు. రెడ్ టీమ్ మనుషులు తమ ట్రైలర్‌లో కంప్యూటర్ల ముందు బారులు తీరి కూర్చున్నారు. ఏ మలుపులో ఎంత వేగం, ఏ ఇరుకులో ఎంత జాగ్రత్త, ముక్కలు ముక్కలుగా పంచుకుని సరిదిద్దుతున్నారు. అప్పుడు తేల్చుకోవాల్సిన మాట ఒకటి ఉంది. రెండు బండ్లనీ ఒకే వేగంతో పంపాలా?

వద్దనుకున్నారు. శాండ్‌స్టార్మ్ నెమ్మదిగా, ఏడు గంటల లెక్కతో వెళ్తుంది. ఎలాగైనా గమ్యం చేరాలి. హైల్యాండర్ ఆరుంబావు గంటల్లో చేరేలా దూకుడుగా పోతుంది. గెలవాల్సింది అది.

సూర్యుడు పైకొచ్చాడు. హైల్యాండర్ కదిలింది. కొన్ని నిమిషాల తేడాతో స్టాన్లీ. దాని వెనక శాండ్‌స్టార్మ్.

గుడారంలో పెద్ద తెర మీద చుక్కలు కదులుతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో బండి. మొదటి చుక్క మిగతావాటిని వదిలేసి ముందుకి పోతోంది. ఎర్ర టీషర్టుల మొహాల్లో వెలుగు. గంట గడిచింది. ఇంకో గంట. ఆ తర్వాత మొదటి చుక్క నెమ్మదించింది.

ఎడారిలో హైల్యాండర్ ఒక ఎత్తు ఎక్కుతోంది. ఇంజిన్ గొంతు పూడుకుపోయినట్టు మూలిగింది. బండి ఆగింది. వెనక్కి జారింది. కంప్యూటర్ మళ్లీ ఇంధనం అడిగింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ జారింది. లేజర్లకి బాట కనిపిస్తోంది. స్టీరింగ్ సరిగ్గా తిరుగుతోంది. బుర్ర చురుగ్గానే ఉంది. కాళ్లలోనే బలం లేదు. చేత్తో తోసే వీల్లేదు, బానెట్ ఎత్తే వీల్లేదు. నియమం అది. కట్టినవాళ్లు మైళ్ల దూరంలో కుర్చీలకి అతుక్కుపోయి చుక్కనే చూస్తున్నారు.

వెనక నుంచి స్టాన్లీ వచ్చేసింది. ఎంత దగ్గరికి వచ్చిందంటే డార్పా వాళ్లు దాన్ని కాసేపు ఆపాల్సి వచ్చింది. వంద మైళ్లు దాటాక ఇక లాభం లేదని, ఈసారి హైల్యాండర్‌నే ఆపి స్టాన్లీకి దారిచ్చారు. నీలం బండి ఎర్ర బండిని దాటుకుని వెళ్లిపోయింది.

ముందు బీర్ బాటిల్ పాస్ ఉంది. ఒకవైపు కొండరాయి, ఇంకోవైపు పాతాళం, మధ్యలో మెలికలు తిరిగే ఇరుకు బాట. స్టాన్లీ ఆచితూచి దిగింది. 6 గంటల 54 నిమిషాల్లో గీత దాటింది. శాండ్‌స్టార్మ్, కిందటేడు టైర్లు కాల్చుకున్న ఆ ముసలి హంవీ, తనకిచ్చిన ఏడు గంటల లెక్కకి కాస్త అటుగా 7 గంటల 5 నిమిషాల్లో వచ్చింది. హైల్యాండర్‌కి 7 గంటల 14 నిమిషాలు పట్టింది. చచ్చీచెడీ అయినా 132 మైళ్లూ పూర్తి చేసింది. 20 లక్షల డాలర్లూ స్టాన్‌ఫర్డ్‌కే వెళ్లాయి. రెండో స్థానానికి బహుమతి లేదు.

అనుకున్న ఆరుంబావు గంటల్లోనే వచ్చి ఉంటే, స్టాన్లీ కంటే అరగంటకి పైగా ముందు. ఆ లెక్క జట్టులో ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలియనిదల్లా ఇంజిన్‌కి ఏమైందన్నదే.

వెతికారు. దొరకలేదు.

ఏళ్లు గడిచాయి. 2007లో విటేకర్, అర్మ్‌సన్ బృందం బాస్ అనే బండితో డార్పా నగర పోటీ గెలిచింది. ఈసారి స్టాన్‌ఫర్డ్‌ది రెండో స్థానం. ఆ తర్వాత థ్రన్ గూగుల్‌లో డ్రైవర్ లేని కార్ల పని మొదలుపెడితే, ఎడారిలో అతని మీద పోటీపడ్డ అర్మ్‌సన్ కూడా అందులో చేరాడు. స్టాన్లీ స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది. హైల్యాండర్ పిట్స్‌బర్గ్‌లోనే ఉండిపోయింది. దాని ఇంజిన్‌లోని చిక్కు కూడా దాంతోపాటే ఉంది.

2017. పాత బండిని మళ్లీ బయటికి తీశారు. స్పెన్సర్ స్పైకర్ దాని దగ్గరికి వెళ్లాడు. 2005లో రెడ్ టీమ్‌తో ఎడారిలో ఉన్నవాడే. ఇంజిన్ నడుస్తోంది. దాని దగ్గర ఏదో పని చూస్తున్నాడు. పని చేస్తూ చేస్తూ అనుకోకుండా ఒక చిన్న భాగం మీద బరువు మోపాడు.

ఇంజిన్ మూలిగింది. ఆగిపోబోయింది.

అతను వెనక్కి జరిగాడు. ఇంజిన్ తేరుకుంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ మూలుగు.

అదొక ఎలక్ట్రానిక్ ఫిల్టర్. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కీ ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లకీ మధ్య ఉన్న రెండు ఫిల్టర్లలో ఒకటి. లోపల ఎక్కడో పట్టు వదులైంది. చదును నేల మీద ఊరుకుంటుంది. బండి అదిరి, వంగి, ఎత్తు ఎక్కేటప్పుడు కదిలిందంటే ఇంజెక్టర్లకి సంకేతం తెగుతుంది. సెప్టెంబర్ పల్టీలోనే దెబ్బ తిని ఉంటుందని వాళ్ల అనుమానం. బయటికి మాత్రం దాని మీద గీత కూడా లేదు. ఎడారి దుమ్ములో రాత్రింబవళ్లు కూర్చుని వంగినవన్నీ, విరిగినవన్నీ మార్చిన ఆ కుర్రాళ్లు దాన్ని మార్చకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పన్నెండేళ్లు గడిచిపోయాయి. అర్మ్‌సన్ అప్పటికి సొంత కంపెనీ పెట్టుకున్నాడు. జట్టులో చాలామంది డ్రైవర్ లేని కార్ల కంపెనీల్లో తలో దిక్కున ఉన్నారు. పిట్స్‌బర్గ్ నుంచి కబురు వెళ్లింది: ఫిల్టర్ దొరికిందని.