నింగి చమురు, నేల బండి

విమానమునకు పోయు పెట్రోలును మన మోటారు సైకిలులోనో, బస్సులోనో పోసినచో ఏమగును? మోటారు మరమ్మతు దుకాణము ముందు నలుగురు కూడినచోట ఈ ప్రశ్న ఎన్నడో ఒకనాడు వచ్చి తీరును. బండి గాలిలో తేలిపోవునని ఒకరందురు. ఇంజను పగిలిపోవునని మరియొకరందురు. ఇద్దరి మాటకును మూలము ఒక్కటే: విమానము ఆకాశమున ఎగురును గనుక దాని చమురు మన చమురుకంటె బలమైనదై యుండవలెనని. ఈ నమ్మకము ఎంతవరకు నిజమో చరిత్రను అడిగి చూతము. అందుకు నిజామాబాదు, బోధన్ ప్రాంతము మనకు మంచి సాక్షి. విమానములు దిగని ఈ చెరకు సీమలో, విమానపు పెట్రోలునకు ఉండవలసిన ముఖ్యగుణము గల ఒక ద్రవము తయారైనది. ఆ సంగతి ముందు మనవి చేయుదుము.

మొదట ఈ రెండు చమురులకును పెద్ద భేదము లేదు. 1903లో రైటు సోదరులు ఎగురవేసిన యంత్రము ఆనాటి సాధారణ పెట్రోలుతోనే నడచినది. 1932 అక్టోబరు 15న జే.ఆర్.డీ. టాటా తపాలా సంచులతో కరాచీనుండి బొంబాయికి విమానము నడిపినప్పుడు, నడుమ అహమ్మదాబాదులో ఆ విమానమునకు కావలసిన పెట్రోలు డబ్బాలు ఎడ్లబండిమీద వచ్చినవి. ఆకాశమునకును బాటకును అప్పటికి అంతటి చుట్టరికముండెను.

ఆ చుట్టరికము తెగుటకు కారణము ఇంజను. సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును పిస్టను అదిమిపట్టును. అప్పుడు నిప్పురవ్వ తగిలి అది మండవలెను. ఎంత గట్టిగా అదిమిన అంత ఎక్కువ శక్తి రాబట్టవచ్చును. కాని అదుముడు మితిమీరినచో, మంట తనవద్దకు చేరకముందే మిశ్రమములో కొంత భాగము తనంతట తాను భగ్గుమనును. అప్పుడు లోపల సుత్తితో కొట్టినట్లు టకటక చప్పుడు పుట్టును. అది ఆగక సాగినచో పిస్టను దెబ్బతినును. ఈ ఒత్తిడిని ఓర్చుకొను గుణమును కొలుచుటకే 1920 దశకములో ఆక్టేను సంఖ్యను కల్పించిరి. ఐసో ఆక్టేను అను ద్రవమునకు 100, హెప్టేను అను ద్రవమునకు సున్న అని నిర్ణయించి, తక్కిన చమురులను వానితో పోల్చిరి. కనుక ఆక్టేను సంఖ్య చమురు యొక్క ఓర్పును తెలుపునే గాని బలమును తెలుపదు. ఈ ఒక్క మాట మనసున నిలిచినచో తక్కిన కథ సులభముగా అర్థమగును.

1921లో అమెరికాలో థామస్ మిడ్గ్‌లీ, ఒక సీసపు సమ్మేళనమును కొద్దిగా కలిపినచో పెట్రోలునకు ఈ ఓర్పు హెచ్చునని కనుగొనెను. సీసము విషమని లోకము ఎరుగును. ఐనను శక్తిమీది ఆశ ఆ జంకును జయించినది.

ఇక్కడ హైదరాబాదు పేరు వచ్చి ఈ కథలో కలియుచున్నది. బ్రిటిషు వైమానిక దళములో 152వ స్క్వాడ్రనుకు, నిజాము ఇచ్చిన విరాళమునకు గుర్తుగా, హైదరాబాదు అనియే పేరు పెట్టిరి. 1940లో బ్రిటను ఆకాశమున జరిగిన పోరాటములో ఆ దళము స్పిట్‌ఫైరు విమానములు నడిపినది. అంతకుముందు ఆ విమానములకు వాడుచుండిన 87 ఆక్టేను పెట్రోలు స్థానమున ఆ యేడు 100 ఆక్టేను పెట్రోలు వచ్చినది. దానితో మెర్లిన్ ఇంజనులోనికి గాలిని మరింత ఒత్తిడితో పంపుటకు వీలైనది. తక్కువ ఎత్తులలో సుమారు 1000 అశ్వశక్తి ఇచ్చు ఇంజను 1300 వరకు ఇయ్యగలిగెను. ఆ అదనపు శక్తి చమురులో దాగినది కాదు. అంత ఒత్తిడి పెట్టుటకు తగినట్లు కట్టిన ఇంజను ఉండుటచేతనే అది పైకి వచ్చినది.

హైదరాబాదు పేరు గల విమానములు అంతటి మేలైన పెట్రోలు త్రాగుచుండిన యుద్ధకాలమున, మన దేశపు బాటలమీది బస్సులకు సాధారణ పెట్రోలే కరువైనది. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించి యుండిరి. యుద్ధము సాగుచుండగా దేశమంతట పెట్రోలునకు రేషను విధింపబడెను. బస్సుల వెనుక పెద్ద పీపావంటి పొయ్యి కట్టి, బొగ్గు మండించి, ఆ వాయువుతో ఇంజను నడిపించిరి. బయలుదేరుటకు చాలముందే పనివాడు చేతితో చక్రము త్రిప్పి పొయ్యికి గాలి కొట్టవలసి యుండెను. ఎత్తు వచ్చినచోట బండి మొరాయించెడిది. బొగ్గు బస్సు అను మాట ఆనాటి పెద్దలు మనకు విడిచిపోయినదే.

రెండవ మార్గము చెరకు పొలములలో కనబడినది. మంజీర నదిపై 1923లో మొదలైన నిజాంసాగరు నిర్మాణము 1931 నాటికి పూర్తియైనది. ఆ నీటి అండతో చెరకు విస్తరించినది. 1937లో బోధన్ చెంత శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. చెరకు రసమునుండి పంచదార తీసిన పిమ్మట మిగులు నల్లని చిక్కని మడ్డినే మొలాసెస్ అందురు. టన్ను చెరకు ఆడినచో నలువది, నలువదియైదు కిలోల మడ్డి మిగులును. దానిని నీటితో పలుచన చేసి, పులియబెట్టి, బట్టీ పట్టినచో ఆల్కహాలు వచ్చును. టన్ను మడ్డికి ఇంచుమించు 220 మొదలు 250 లీటర్ల వరకు ఇది దిగును. బోధన్‌లో ప్రభుత్వ పవర్ ఆల్కహాలు కర్మాగారము ఏర్పడినది ఈ ముడిసరకు ఉన్నందుననే. అక్కడి ఆల్కహాలు త్రాగుటకు కాక బండ్లు నడుపుటకు ఉద్దేశించినదని ఆ పేరే చెప్పుచున్నది.

ముందు మనవి చేయుదుమన్న సంగతి ఇదియే. ఆల్కహాలు ఆక్టేను సంఖ్య 100కు పైబడినది. అనగా, దూరదేశములలో సీసము కలిపి సాధించిన ఓర్పు ఈ చెరకు మడ్డి సారమునకు పుట్టుకతోనే కలదు. ఐనను ఇది దోషము లేని వస్తువు కాదు. లీటరు పెట్రోలు ఇచ్చు వేడిలో మూడింట రెండు వంతులు మాత్రమే లీటరు ఆల్కహాలు ఇచ్చును. మామూలు బట్టీలో నూటికి నాలుగైదు పాళ్లు నీరు మిగులును. ఆ నీటిని వేరు చేయక పెట్రోలులో కలిపినచో టాంకు అడుగున నీరు విడివడి బండి నిలిచిపోవును. అందుచేతనే దానిని పూర్తిగా ఆరబెట్టవలసివచ్చెను.

యుద్ధము ముగియునప్పటికి విమానమే మారిపోయెను. 1939లో జర్మనీలోను, 1941లో బ్రిటనులోను జెట్ విమానములు తొలిసారి ఎగిరినవి. జెట్ ఇంజనునకు నిప్పురవ్వల ఓర్పుతో పనిలేదు. అందులో వాడునది మిక్కిలి శుద్ధిచేసిన కిరసనాయిలు జాతి ఇంధనము. సున్నకు దిగువ 47 డిగ్రీల చలిలోను అది గడ్డకట్టరాదు. కనుక నేడు శంషాబాదులో పెద్ద విమానములకు పోయు ఇంధనమును పెట్రోలు బండిలో పోసినచో బండి ఎగురుట మాట అటుండగా, సరిగా కదలనే కదలదు. చప్పుడు, పొగ, నష్టము మిగులును. డీజిలు లారీ దానితో నడువగలదు. అమెరికా సైన్యము తన లారీలను జెట్ ఇంధనముతో నడిపినది. కాని డీజిలునకు ఉండు జిడ్డుతనము దీనికి తక్కువ. తగిన మందు కలుపనిచో ఇంధనపు పంపు త్వరగా అరిగిపోవును.

చిన్న పిస్టను విమానములకు వాడు పెట్రోలు సంగతి వేరు. దానిలో నేటికిని చాలచోట్ల సీసము కలదు. మన దేశములో బండ్ల పెట్రోలునుండి సీసమును 2000 ఫిబ్రవరి నాటికి పూర్తిగా తొలగించిరి. పొగను శుభ్రపరచుటకు నేటి బండ్లలో అమర్చిన పరికరమును ఆ సీసము పాడుచేయును. అది గాలిలో కలిసి పిల్లల మెదడునకు కీడు చేయును. సామాన్యపు ఇంజనునకు 100 ఆక్టేను పోసినను అదనపు పరుగు రాదు. ఖర్చు మాత్రము వచ్చును.

బోధన్ నేర్పిన పాఠమును దేశము చాల ఆలస్యముగా మరల చదివినది. 1948లో వచ్చిన పవర్ ఆల్కహాలు చట్టము 2000లో రద్దయినది. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రములలో పెట్రోలులో నూటికి ఐదు పాళ్ల ఇథనాలు కలుపుట ఆరంభమైనది. అది 2022లో పది పాళ్లకు చేరినది. 2023లో ఇరువది పాళ్ల పెట్రోలు అమ్మకము మొదలైనది. పాత బండ్ల రబ్బరు గొట్టములు దీనిని ఓర్చునా యని ప్రజలు అడుగుచున్నారు. అడుగవలసిన ప్రశ్నయే అది. చమురు మంచిదా చెడ్డదా యని కాక, ఈ ఇంజనునకు తగినదా యని అడుగుట నేర్చినచో మోసపోము.

నేడు విమానములే ఆల్కహాలువైపు చూచుచున్నవి. ఇథనాలునుండి తయారుచేసిన జెట్ ఇంధనమును మామూలు జెట్ ఇంధనములో కలుపుటకు 2018లో అంతర్జాతీయ ప్రమాణములు అంగీకరించినవి. ఆకాశపు చమురు బాటకు దిగవలెనని మనము కోరుచుండగా, పొలపు సారము ఆకాశమునకు ఎక్కుటకు దారి ఏర్పడినది. కాని ఆ దారిని ముందుగా త్రొక్కిన బోధన్‌లో చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. మడ్డినుండి విలువను పిండు విద్య ఎంత పెరిగినను, చెరకు ఆడించు గానుగ ఊరిలో తిరుగనిదే రైతునకు దానివలన ఫలము లేదు. ఇంధనమును గురించి తలచునప్పుడెల్ల ఈ సంగతిని కూడ తలచవలెనని మా మనవి.