నౌపడ చిన్నరైలు – మన చరిత్ర

శ్రీకాకుళం జిల్లా నౌపడలో పెద్ద రైలు దిగి చిన్నరైలు ఎక్కినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. రెండడుగుల ఆరంగుళాల వెడల్పున్న ఆ పట్టాలు పర్లాకిమిడి జమీందారు గౌరచంద్ర గజపతి వేయించినవి. 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడికి రైలు మొదలైంది. తొలి పదేళ్లు నష్టాలే వచ్చాయి. లాభాలు పెరిగాక 1929లో, 1931లో రెండు విడతలుగా దారిని గుణుపురం దాకా పొడిగించారు.

నౌపడ ఉప్పు మళ్ల ఊరు. గుణుపురం వంశధార ఒడ్డున, సవర కొండల అంచున ఉంది. కొండమీద చింతపండు, పసుపు ఉన్నాయి గానీ ఉప్పు లేదు. మనవాళ్లు కావిళ్లు మోసుకుని సంతకు దిగింది అందుకే. రైలు ఆ సంతలను దూరపు బజార్లతో కలిపింది.

గుణుపురానికి రైలు వచ్చిన 1931లోనే గిడుగు రామమూర్తిగారు ఇంగ్లీషులో రాసిన సవర భాషా గ్రంథం మద్రాసులో అచ్చయింది. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల దగ్గరే సవర నేర్చుకున్నారు. మన పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు నడిపారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. పర్లాకిమిడి, గుణుపురం అటు వెళ్లాయి. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు మిగిలాయి. ఒకే రైలుదారి రెండు రాష్ట్రాలదయింది, సవరలూ రెండు రాష్ట్రాలవారయ్యారు. అదే ఏడాది గుణుపురం ప్రాంతంలో మంగై గొమాంగో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు.

2004లో చిన్నరైలు ఆగిపోయింది. దాని బాటలోనే బ్రాడ్‌గేజి వేశారు. 2011లో రైలు మళ్లీ గుణుపురం చేరింది. పాత ఆవిరి ఇంజన్లలో కొన్నిటిని రంగులు వేసి ప్రదర్శనకు నిలబెట్టారు. మంచిదే. కానీ ఇంజను దగ్గర ఆగి చూసే పిల్లలకు జమీందారు పేరు, సంవత్సరం తెలిస్తే చాలదు. ఆ పెట్టెల్లో సరుకు ఎవరి అడవి నుంచి వచ్చిందో, ఎవరి భుజాలమీద స్టేషన్ చేరిందో కూడా తెలియాలి.

ఉపాధ్యాయులకు, యువతకు మేము చెప్పేది ఇదే. మీ ఊరి పెద్దలను అడగండి. ఏ సంతకు వెళ్లేవారు? కుంచం చింతపండుకు ఎంత ఉప్పు ఇచ్చేవారు? తూకంలో మోసం ఎలా జరిగేది? రైలును సవరలో ఏమనేవారు? జవాబులను పిల్లలచేత తెలుగులోనూ సవరలోనూ రాయించండి. ఈ దారి పొడవునా పాత స్టేషన్ గది, గూడ్సు షెడ్డు ఎక్కడ మిగిలినా, దాన్ని పుస్తకాల గదిగా ఇమ్మని పంచాయతీ ద్వారా రైల్వేకు అర్జీ పెడదాం. గది దొరికే నాటికి అందులో పెట్టడానికి మన రాతలు సిద్ధంగా ఉండాలి. చిన్నరైలు ఎక్కిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్దాం.