త్రిపురాంతకం దీపాలకు నెయ్యి పోసినవాళ్లు

మా తర్లుపాడు నుంచి మార్కాపురం మీదుగా వెళితే త్రిపురాంతకం వస్తుంది. శ్రీశైలానికి తూర్పు ద్వారం. కాకతీయుల కాలంలో అక్కడ గుడితో పాటు గోళకీ మఠం అనే శైవ సన్యాసుల మఠానికి శాఖ కూడా ఉండేది. ఆ గుడినీ, ఆ శైవ సన్యాసులనూ ఎవరు పోషించారని అడిగితే మావైపు పెద్దలు రాజులనే చెబుతారు. అది సగం నిజం.

ఆ సగం పెద్దదే. గోళకీ మఠం గంగా నర్మదల నడుమ డాహల దేశంలో పుట్టింది. దాని ఆచార్యుడు విశ్వేశ్వర శంభువు కాకతీయ రాజు గణపతిదేవుడికి దీక్షాగురువు. రుద్రమదేవి నాటి 1261 మల్కాపురం శాసనంలో ఆయనకు మందడం, వెలగపూడి గ్రామాలు దక్కిన వివరం ఉంది. ఆ రాబడితో ఆయన మఠం, బడి, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిపించాడు. ఆకలితో వచ్చినవాడి కులం అడగకుండా అన్నం పెట్టమని రాయించాడు. మన చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన శాసనం ఇదే.

మిగతా సగం మా మెట్టసీమ మనుషులది. ఆ కాలంలో గుడికి అఖండదీపం పెట్టించాలంటే పాతిక ఆవులో, యాభై గొర్రెలో ఇవ్వడం వాడుక. సామంతులు ఇచ్చారు, సైనికోద్యోగులు ఇచ్చారు, వర్తకులు ఇచ్చారు, ఆడవాళ్లు తమ పేరుతోనే ఇచ్చారు. తల్లిదండ్రుల పుణ్యం కోసమని రాయించుకున్నవాళ్లు ఎందరో. ఆ జీవాలను బోయలు తోలుకుపోయి మేపేవారు. ఈనిన పిల్లలు, మిగిలిన పాడి వాళ్లవి. రోజూ దీపానికి కొలత ప్రకారం నెయ్యి మాత్రం గుడికి చేరాలి, కొడుకులూ మనవలూ కూడా పోస్తూనే ఉండాలి. వానలేని ఏడు గడ్డి దొరక్కపోయినా, మందకు రోగం తగిలినా ఆ బాధ్యత తప్పదు. ఎర్రచెలకల్లో గొర్రెలు కాసినవాళ్లకు దాని బరువు తెలుస్తుంది. అందుకే దాత పేరు ఎంత ముఖ్యమో, నెయ్యి పోసిన బోయ పేరూ అంతే ముఖ్యమంటాను నేను.

అదే శతాబ్దంలో ఐరోపా పట్టణాల్లో ఫ్రాన్సిస్కన్, డొమినికన్ సన్యాసులు ఇలాగే గృహస్థుల దానాల మీద బతికారు. అస్సీసీ ఫ్రాన్సిస్ తన అనుచరులకు సొంత ఆస్తే కూడదన్నాడు. ఆస్తి పోపుది, వాడకం మాత్రమే సన్యాసులది అని 1279లో మూడో నికొలస్ పోపు తేల్చాడు. ఫ్లోరెన్స్‌లో 1290లలో మొదలైన శాంతా క్రోచే చర్చిలో బార్ది, పెరుజ్జి అనే వడ్డీవ్యాపారి కుటుంబాలు ప్రార్థనా మందిరాలు కట్టించి చిత్రకారుడు జొట్టో చేత బొమ్మలు వేయించాయి. చనిపోయినవారి ఆత్మల కోసం సన్యాసులు ప్రార్థించాలన్నది వాళ్ల కోరిక. ఇక్కడి దాత కోరికా దానికి దూరమేమీ కాదు. తేడా ఆస్తిలో ఉంది. అక్కడి సన్యాసి ఆస్తి తనది కాదన్నాడు, ఇక్కడి మఠాధిపతి ఊళ్లనే ఏలాడు.

ఊళ్లు ఏలే చోట రాజకీయమూ ఉంటుంది. రుద్రమదేవిపై తిరగబడ్డ కాయస్థ సామంతుడు అంబదేవుడు తన విజయాలన్నీ 1290లో త్రిపురాంతకం శాసనంలోనే చెక్కించుకున్నాడు. మరుసటి ఏడాదికే అక్కడ కాకతీయ మంత్రి ఇందులూరి అన్నయ శాసనం వెలిసింది. ఏలికలు మారినంత మాత్రాన దీపానికి నెయ్యి పోసే పని ఆగడానికి లేదు, ఆ ఒప్పందం ఏలికతో చేసుకున్నది కాదు కనుక.

ఈ శాసనాల్లో చాలావాటిని 1948లో దక్షిణ భారత శాసనాల పదో సంపుటంలో అచ్చువేశారు. అప్పుడు మన మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, 1970లో గానీ ప్రకాశంలో కలవలేదు. కాబట్టి మన ప్రాంత చరిత్ర రాయాలనుకునే కుర్రవాళ్లు ప్రకాశం పేరుతో వెతికి వదిలేయకూడదు, కర్నూలు జిల్లా కింద చూడాలి. దాతల జాబితాలు ఇప్పటికే చాలా వచ్చాయి. బోయల పేర్లు, వాళ్ల ఊళ్లు ఏరి ఒకచోట చేర్చే పని ఎవరైనా ఎత్తుకుంటే నా వంతు సాయం నేను చేస్తాను.