పెరటి మత్స్యకుండము: జలగుణ పరిరక్షణ (చిద్రి, బీదరు)

చిద్రి ప్రాంతమును గలిగిన బీదరు నగరము లాటరైటు శిలామయమైన పీఠభూమిపై నెలకొన్నది. ఆ శిలను తొలిచి భూగర్భజలమును నడపిన నౌబాదు కారేజు అను సొరంగకాలువ బహమనీ సుల్తానుల జలవిద్యకు నేటికిని ఘనమైన నిదర్శనము. ఇట్టి శిలలగుండ దిగిన నీరు సాధారణముగా సున్నపు అంశము తక్కువదై, కొంత ఆమ్లగుణము కలిగియుండును గావున, పెరటికుండమున చేపలను పెంచువారు తొలుత క్షారతను పరీక్షించి, వ్యవసాయపు సున్నమును కొలదికొలదిగా వేయుచు, పీహెచ్ విలువను 6.5 నుండి 8.5 వరకు నిలుపవలయును. సున్నము మితిమీరినచో పీహెచ్ పెరిగి, నీటిలోని అమ్మోనియా విషతీవ్రత హెచ్చును.

చేపల విసర్జనమునుండియు, మిగిలిన మేతనుండియు పుట్టు ఈ అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. ఆ జీవులు వృద్ధిపొందుటకు కొన్ని వారములు పట్టును. కావున క్రొత్తకుండమును ఒక్కమారుగా చేపలతో నింపుట వానియెడ క్రౌర్యమే.

ప్రాణవాయువు లీటరునకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. పాచి పగలు విడిచిన ప్రాణవాయువును రాత్రి తానే గ్రహించును గనుక, వేసవిలో తెల్లవాఱుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచుట ఆపత్సూచన. అప్పుడు మేత మాని, నీటిని ఎత్తునుండి ధారగా పోయవలెను. కుళాయినీటి క్లోరిను మొప్పలను దహించును గాన, దానిని వెడల్పైన తొట్టిలో ఒకదినము ఎండకు నిలిపి కలుపుదురు.